లాంగ్‌స్ట్రీట్‌ను తిట్టింది ఓడినందుకా, మారినందుకా?

సందేహాలరాయుడు

రెండు వారాలుగా అమెరికా అంతర్యుద్ధం గురించి చేతికి దొరికిందల్లా చదువుతున్నాను. జేమ్స్ లాంగ్‌స్ట్రీట్ అనే మనిషి దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. దక్షిణాది సేనాని రాబర్ట్ లీకి కుడిభుజం. 1862లో ఒక యుద్ధం ముగిసిన సాయంత్రం లీ ఆయనను ‘నా ముసలి యుద్ధగుర్రం’ అని పిలిచాడట. అప్పటికి ఆయన వయసు నలభై ఒకటి. అలాంటివాడు యుద్ధం ముగిసిన రెండేళ్ళకే, తమను ఓడించిన రిపబ్లికన్ పార్టీతో చేతులు కలపమని తనవాళ్ళకు చెప్పాడు. తానూ కలిపాడు. పదవులూ తీసుకున్నాడు.

1863 నాటి గెటిస్‌బర్గ్ యుద్ధంలో ఈయన మొండికేయడం వల్లనే దక్షిణాది ఓడిందని ఒక పుస్తకం అంటుంది. ఈయన మాట వినకపోవడం వల్లనే ఓడిందని ఇంకో పుస్తకం అంటుంది. మనిషి ఒకడే, యుద్ధం ఒకటే, జరిగింది మూడు రోజులే. ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? వికీ చదవమని మాత్రం చెప్పకండి. చదివే ఇక్కడికి వచ్చాను.

ఉప్పుకారం

లాంగ్‌స్ట్రీట్ అంటే పొడుగువీధి. మా ఊళ్ళో పొడుగువీధివాళ్ళు కూడా ఇంతే, ఎన్నికకో జెండా.

కాటన్ బ్యారేజీ

తేల్చడానికి ఏముంది? ఓడిపోయాడు, గెలిచినవాడి పంచన చేరాడు. గెలిచిన ఉత్తరాది సేనాని గ్రాంట్ ఈయనకు వెస్ట్‌పాయింట్ సైనిక కళాశాల నాటి స్నేహితుడు. పైగా గ్రాంట్ భార్య జూలియా ఈయనకు వరుసకు చెల్లెలు. 1868 అధ్యక్ష ఎన్నికల్లో గ్రాంట్‌ను బాహాటంగా బలపరిచాడు. 1869 మార్చిలో గ్రాంట్ గద్దె ఎక్కిన కొద్ది రోజులకే న్యూఆర్లియన్స్ రేవులో కస్టమ్స్ సర్వేయర్ పదవి ఈయన ఒళ్ళో పడింది. మన దగ్గర దీన్ని ఏమంటామో చంటిపిల్లవాడు కూడా చెబుతాడు.

ఉప్పుకారం

బావగారి ప్రభుత్వం అన్నమాట.

రిటైర్డ్ మాస్టారు

బ్యారేజీ గారూ, మీరు చెప్పిన తేదీలు సరైనవే. ఒక్క తేదీ వదిలేశారు. గెలిచినవాళ్ళతో కలవమని ఈయన పత్రికకు రాసిన ఉత్తరం అచ్చయింది 1867 జూన్‌లో. గ్రాంట్ అప్పటికింకా అభ్యర్థి కూడా కాదు. ఆ ఉత్తరం వల్ల ఈయనకు దక్కింది పదవి కాదు, దివాలా.

యుద్ధం తర్వాత ఆయన న్యూఆర్లియన్స్‌లో స్థిరపడి పత్తి వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు. ఒక బీమా కంపెనీకి అధ్యక్షుడు కూడా. కుడిచెయ్యి సరిగా పనిచేయదు. 1864 మే 6న వర్జీనియా అడవుల్లో సొంత సైనికులే పొరపాటున కాల్చారు. తూటా గొంతులోంచి, భుజంలోంచి పోయింది. గొంతు జీవితాంతం బొంగురుపోయింది, ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. అయినా ఊరంతా గౌరవించేది. ‘జనరల్’ అని పిలిచి వ్యాపారం ఇచ్చేవాళ్ళు.

ఉత్తరంలో ఆయన రాసిన సారాంశం ఇది. మనం ఆయుధాలు అప్పగించిన రోజునే విడిపోయే హక్కునూ అప్పగించాం, నల్లవాళ్ళతో పాత సంబంధాన్నీ అప్పగించాం. ఆ వివాదాలను ఆ యుద్ధభూముల్లోనే పూడ్చిపెట్టి ఉండవలసింది. ఇప్పుడు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసిన చట్టాలను ఒప్పుకుని నడుచుకుందాం. అచ్చుకు ఇచ్చే ముందు తనను పెంచిన చిన్నాన్న అగస్టస్‌ను సలహా అడిగాడు. ‘ఇది బయటపెడితే నీ పని అయిపోయినట్టే నాయనా’ అని ఆ పెద్దమనిషి హెచ్చరించాడు. వినలేదు. పత్రికలు ద్రోహి అని రాశాయి, పాత మిత్రులు వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు, వ్యాపారం పోయింది. పదవి కోసమే రాసినవాడైతే ఇంత దండగ బేరం ఎవరు చేస్తారు?

కాటన్ బ్యారేజీ

పత్తి వ్యాపారం చేసినందుకు నా పేరు చూసి జాలిపడాలా మాస్టారూ? దండగ బేరమని ముందు తెలియదు కదా. జూదగాళ్ళందరూ గెలుస్తామనే ఆడతారు.

పాతపేపర్లు

జూదం మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. గ్రాంట్, లాంగ్‌స్ట్రీట్ కుర్రతనంలో ‘బ్రాగ్’ అనే పేకాట ఆడేవాళ్ళు. 1865 ఏప్రిల్‌లో అప్పొమాటొక్స్‌లో లీ లొంగిపోయాక ఇద్దరూ ఎదురుపడ్డారు. గ్రాంట్ చెయ్యి కలిపి, ‘పీట్, పాత రోజులు గుర్తొచ్చేలా ఒక ఆట వేద్దామా’ అన్న అర్థం వచ్చే మాట అన్నాడట. పీట్ అన్నది లాంగ్‌స్ట్రీట్ ముద్దుపేరు. నాలుగేళ్ళు ఒకరి సైన్యాన్ని ఒకరు చంపించుకున్న తర్వాత ఈ మాట! లాంగ్‌స్ట్రీట్ తర్వాత చేసినవాటికి వేరు అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

వైరిపక్షం అంతా గ్రాంట్ లాంటివాళ్ళే అనుకోకండి మళ్ళీ. క్షమాభిక్ష అడగడానికి వెళితే అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ మొహం మీదే కాదన్నాడు. ‘దక్షిణాదిలో ముగ్గురికి ఎప్పటికీ క్షమాపణ ఉండదు. డేవిస్, లీ, మీరు. మీరు మమ్మల్ని మరీ ఎక్కువ ఇబ్బంది పెట్టారు.’ డేవిస్ అంటే యుద్ధకాలపు దక్షిణాది అధ్యక్షుడు. లాంగ్‌స్ట్రీట్ దాన్ని దెప్పిపొడుపుగా కాదు, యోగ్యతాపత్రంలాగా ఆత్మకథలో రాసుకున్నాడు. 1868లో కాంగ్రెసే ఆయన హక్కులు తిరిగి ఇచ్చింది.

సందేహాలరాయుడు

ఇదంతా బాగుంది. గెటిస్‌బర్గ్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

ఎడిసన్ ఇంటినంబరు

న్యూజెర్సీ నుంచి కారులో మూడు గంటల పైచిలుకు. పోయిన వేసవిలో పిల్లలతో వెళ్ళాం. 1863 జులై 3 మధ్యాహ్నం దక్షిణాది సైనికులు నడిచిన ఆ మైదానాన్ని మేమూ దాటాం, ముప్పావు మైలు ఉంటుంది. ఇరవై నిమిషాలు పట్టింది. దూరం నుంచి చదునుగా కనిపిస్తుంది గానీ కాదు. నడుస్తుంటే నేల కాళ్ళ కింద లేచి దిగుతుంది, మధ్యలో ఒక రోడ్డు, దాని పక్కన దడి. మా చిన్నవాడు ఆ కర్రల దడి ఎక్కడానికి రెండుసార్లు జారాడు. నేను కింద నిలబడి వాడి చెప్పు పట్టుకుని ఉన్నాను. ఎదురుగా గుట్ట మీద వరసగా ఫిరంగులు. ‘దీనికి అడ్డంగా పన్నెండు వేలమందిని ఎవరు పంపించారు నాన్నా’ అని పెద్దది అడిగింది. పంపినవాడి పేరు లీ. ‘వెళ్ళండి’ అని చెప్పవలసి వచ్చినవాడి పేరు లాంగ్‌స్ట్రీట్.

రిటైర్డ్ మాస్టారు

ఎడిసన్ తమ్ముడు అసలు చోటే చూపించాడు. ఆ ‘చెప్పవలసి వచ్చినవాడు’ చెప్పలేదు కూడా. నోరు పెగల్లేదు. కింది జనరల్ పికెట్ వచ్చి ముందుకు వెళ్ళమంటారా అని అడిగితే తల మాత్రం ఊపాడు. ఫిరంగుల అధికారి అలెగ్జాండర్ పక్కనే ఉండి, ఈ దాడి తనకు ఇష్టం లేదని లాంగ్‌స్ట్రీట్ తనతో అన్నట్టు తర్వాత రాశాడు. వెళ్ళిన దాదాపు 12,500 మందిలో సగానికి పైగా చచ్చారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు.

దానికి ముందు రెండు రోజులూ ఈయన వాదన ఒకటే. ఎత్తు మీద ఉన్న శత్రువుకు ఎదురెళ్ళవద్దు, పక్కనుంచి చుట్టి వెళ్ళి వాళ్ళకూ వాషింగ్టన్‌కూ మధ్య మంచి చోటు చూసి కూర్చుందాం, వాళ్ళే మన మీదికి వస్తారు. అంతకు ఏడు నెలల ముందు ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో రాతిగోడ వెనక నిలబడిన ఈయన మనుషుల మీదికి ఉత్తరాది సైన్యం అలలు అలలుగా వచ్చి కూలిపోవడం కళ్ళారా చూసినవాడు. లీ ఒప్పుకోలేదు. ‘శత్రువు అక్కడ ఉన్నాడు, అక్కడే కొడతాను’ అన్నాడు.

కాటన్ బ్యారేజీ

ఇక్కడే నా అభ్యంతరం. ఇష్టం లేని పని అప్పగిస్తే మనిషి ఎలా చేస్తాడు? నీరసంగా చేస్తాడు. జులై 2న దాడి మొదలయ్యేసరికి సాయంత్రం నాలుగు దాటింది. లాంగ్‌స్ట్రీట్ చేసింది శల్య సారథ్యం. రథం ఎక్కాడు, పగ్గాలు పట్టాడు, దారి పొడుగునా కర్ణుడి ఉసురు తీశాడు.

కలంకారీ

శల్య సారథ్యం అన్న మాట ఎంత చక్కగా అతికింది! అతికినంత మాత్రాన నిజం కావాలని లేదు. శల్యుడు ధర్మరాజుకు ముందే మాట ఇచ్చి రథం ఎక్కాడు. ఈయన ఎవరికి ఇచ్చాడు?

పాతపేపర్లు

బ్యారేజీ గారి అభియోగానికి పుట్టినరోజు ఉంది. అది 1863 కాదు.

లీ బతికి ఉన్నంతకాలం లాంగ్‌స్ట్రీట్ గెటిస్‌బర్గ్‌ను పోగొట్టాడని బయట అన్నవాళ్ళు లేరు. తిరిగొస్తున్న సైనికులకు ఎదురెళ్ళి ‘ఇదంతా నా తప్పే’ అన్నది లీనే. లీ 1870 అక్టోబరులో పోయాడు. 1872 జనవరిలో, లీ పుట్టినరోజు సభలో, జూబల్ ఎర్లీ అనే మాజీ జనరల్ మొదటిసారి వేలు చూపించాడు. మరుసటి ఏడు పెండిల్టన్ అనే ఇంకొకాయన ఒక మెట్టు పైకెక్కి, జులై 2న సూర్యోదయానికే దాడి చేయమని లీ ఆజ్ఞ ఇచ్చాడనీ లాంగ్‌స్ట్రీట్ పెడచెవిన పెట్టాడనీ ప్రచారం మొదలుపెట్టాడు. లాంగ్‌స్ట్రీట్ ఏం చేశాడంటే, లీ దగ్గర పనిచేసిన సిబ్బంది అధికారులకు ఉత్తరాలు రాశాడు. అలాంటి సూర్యోదయపు ఆజ్ఞ తమకు తెలియదని వాళ్ళే జవాబిచ్చారు. వాళ్ళలో ఈయన రాజకీయాలు నచ్చినవాళ్ళు లేరు, అయినా అలా రాశారు.

మధ్యలో ఏం జరిగింది? 1867 ఉత్తరం, 1869 పదవి. తప్పు 1863లోది, కోపం 1867 నాటిది, కేసు పెట్టింది 1872లో.

ఉప్పుకారం

ఎఫ్‌ఐఆర్ తొమ్మిదేళ్ళు ఆలస్యం. మన స్టేషన్ల మీద జోకులు వేసేవాళ్ళు ఇది గమనించగలరు.

కాటన్ బ్యారేజీ

సరే, సూర్యోదయం కథ వదిలేస్తాను. నీరసం మాటను మాత్రం వదలను. ఆయన తోటి అధికారులే రాశారు, ఆ రోజు ఆయనలో చురుకుతనం కనిపించలేదని. అదే ఏడాది చివర నాక్స్‌విల్‌లో స్వతంత్రంగా నాయకత్వం ఇస్తే ఏం ఊడబొడిచాడు? ఓడిపోయి, తప్పును కింది జనరల్ మెక్‌లాస్ మీదికి తోసి విచారణ పెట్టించాడు. చిన్ననాటి స్నేహితుడి మీద!

రిటైర్డ్ మాస్టారు

నాక్స్‌విల్ విషయంలో మీతో వాదన లేదు. రెండో మనిషిగా ఉన్నప్పుడు కొండ, మొదటి మనిషిగా నిలబెడితే తడబాటు. అలాంటివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. మెక్‌లాస్ పట్ల చేసింది తప్పే. ఆత్మకథలో లీ మీద విసుర్లు కూడా అనవసరం. అప్పటికి లీ దక్షిణాదికి దేవుడైపోయాడు. ఉత్సవ విగ్రహాన్ని చూపించి శిల్పి ముక్కు సరిగా చెక్కలేదంటే ఊరుకుంటారా?

మూడోషిఫ్టు

యుద్ధాల గురించి నాకు తెలియదు. పాతపేపర్లు గారి పోస్టు చదివి రాత్రి నిద్రపట్టలేదు, అందుకే రాస్తున్నాను.

మా నాన్న ఒక మిల్లులో కార్మిక సంఘం కార్యదర్శి. నా ఆరో తరగతిలో పెద్ద సమ్మె జరిగింది. నాలుగు నెలలు. చివరికి ఇళ్ళలో బియ్యం అయిపోయి ఓడిపోయారు. ఒప్పందం మీద సంతకం పెట్టాల్సింది కార్యదర్శి కాబట్టి నాన్న పెట్టాడు. తర్వాత యాజమాన్యం వేసిన సంక్షేమ కమిటీలో సభ్యుడిగా రమ్మంటే వెళ్ళాడు. వెళ్ళకపోతే క్వార్టర్ల మరమ్మతులు ఎవరు అడుగుతారని ఆయన లెక్క.

గేటు ఎదురుగా టీకొట్టు ఉండేది, ముందు ఒక పొడుగాటి బల్ల. నాన్న వెళ్ళి కూర్చుంటే ఒక్కొక్కరూ గ్లాసు పట్టుకుని లేచి నిలబడి తాగేవాళ్ళు. తిట్టేవాళ్ళు కాదు, బల్ల ఖాళీ అయ్యేది, అంతే. రెండు మూడేళ్ళు పోయాక కొత్త కథ పుట్టింది. నాలుగో నెలలో ఇంకో వారం ఆగితే గెలిచేవాళ్ళమట, కార్యదర్శి ముందే అమ్ముడుపోయాడట. సమ్మె జరుగుతున్నప్పుడు ఆ మాట అన్నవాడు ఒక్కడూ లేడు. నేను అక్కడే ఉన్నాను, అన్నం పొట్లాలు మోసినవాణ్ణి.

ఎడిసన్ ఇంటినంబరు

ఆ బల్ల కళ్ళకు కట్టింది.

కాటన్ బ్యారేజీ

మీ నాన్నగారిని గురించి ఒక్క మాట అనను. లాంగ్‌స్ట్రీట్‌కూ ఆయనకూ ఒక తేడా మాత్రం చెబుతాను. మీ నాన్న తనవాళ్ళ మీదికి లాఠీ పట్టుకుని వెళ్ళలేదు. ఈయన వెళ్ళాడు. 1874 చెప్పండి మాస్టారూ, ఎందుకు దాస్తున్నారు?

రిటైర్డ్ మాస్టారు

దాచడం లేదు, అక్కడికే వస్తున్నాను. ఈయన జీవితంలో నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించేది ఆ రోజు గురించే.

న్యూఆర్లియన్స్ ఉన్న లూసియానాలో ఈయనకు రాష్ట్ర మిలిషియా (రాష్ట్రం సొంత సాయుధ దళం) నాయకత్వం కూడా అప్పగించారు. అందులో నల్లజాతి సైనికులు పెద్దసంఖ్యలో ఉండేవాళ్ళు. 1872 గవర్నరు ఎన్నికల్లో ఇద్దరూ మేమే గెలిచామన్నారు. రిపబ్లికన్ కెలాగ్‌ను కేంద్రం గుర్తించింది. అది ఒప్పుకోని తెల్లవాళ్ళు వైట్ లీగ్ అని సాయుధ దళాలు కట్టారు. పేరులోనే ఉంది వాళ్ళ ఉద్దేశం. నల్లవాళ్ళ ఓటును, వాళ్ళను గెలిపించే ప్రభుత్వాన్ని తుపాకీతో కూల్చడం. 1874 సెప్టెంబరు 14న వేలమంది కెనాల్ వీధిలో చేరి, కస్టమ్స్ భవనం వైపు కదిలారు. ఎదురుగా పోలీసులు, నల్లజాతి మిలిషియా, వాళ్ళ ముందు గుర్రం మీద యాభై మూడేళ్ళ లాంగ్‌స్ట్రీట్.

ఎదుటి గుంపులో చాలామంది మాజీ దక్షిణాది సైనికులు. ఈయన ముందుకు వెళ్ళి వెనక్కి పొమ్మని చెప్పబోయాడు. గుర్రం మీది నుంచి లాగేశారు. వేగం తగ్గిన తూటా ఒకటి తగిలింది, బందీ అయ్యాడు. పోలీసుల వరస చెదిరిపోయింది, డజన్లకొద్దీ జనం చనిపోయారు. మూడు రోజుల తర్వాత గ్రాంట్ సైన్యం పంపిస్తే గవర్నరు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. 1877లో ఆ సైన్యం శాశ్వతంగా వెళ్ళిపోయింది, ఆ ప్రభుత్వమూ పోయింది.

కాబట్టి బ్యారేజీ గారూ, ‘తనవాళ్ళ మీదికి’ అన్నారు. ఆ రోజు ఆయన వెనక నిలబడినవాళ్ళు ఎవరివాళ్ళు?

పాతపేపర్లు

ఆ అల్లరికి 1891లో అదే చోట స్మారక స్తంభం కట్టారు. పోలీసులకు కాదు, వైట్ లీగ్‌కు. 1932లో దాని మీద తెల్లజాతి ఆధిపత్యాన్ని పొగిడే అక్షరాలు చెక్కించారు. 2017 ఏప్రిల్‌లో తెల్లవారకముందే, ముసుగులు వేసుకున్న పనివాళ్ళతో నగరపాలకులు దాన్ని తొలగించారు.

కలంకారీ

మాస్టారూ, ఇప్పుడు నేను మీ మీదికి వస్తాను. అందరూ కలిసి ఈయనకు గంధం పూసేస్తున్నారు.

ఒకటి. గెటిస్‌బర్గ్‌కు వెళ్ళే దారిలో పెన్సిల్వేనియాలో దక్షిణాది సైన్యం నల్లవాళ్ళను పట్టుకుని దక్షిణానికి తోలుకుపోయింది. వాళ్ళలో పుట్టుకతోనే స్వేచ్ఛ ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. అలా పట్టుకున్నవాళ్ళను వెంట తీసుకురమ్మని లాంగ్‌స్ట్రీట్ సిబ్బంది అధికారి 1863 జులై 1న పికెట్‌కు రాసిన కాగితం ఇప్పటికీ ఉంది. తర్వాత రెండు రోజులు ఈయన ఎంత బాధతో తల ఊపాడో నాకు అక్కరలేదు.

రెండు. 1867 నాటి రాతల్లో కొంత భాగమే చెప్పారు. తెల్లవాళ్ళు దూరంగా కూర్చుంటే నల్లవాళ్ళ ఓటు ఇతరుల చేతుల్లోకి పోతుంది, మనమే లోపలికి వెళ్ళి దాన్ని మన చెప్పుచేతల్లో పెట్టుకుందాం అన్నది కూడా ఆయన వాదనే. ఇది సమానత్వం కాదు, లెక్క.

మూడు నెలలు దీని మీద ఒక పేపరు రాశాను కాబట్టి కాస్త ఘాటుగా వస్తోంది, ఏమీ అనుకోవద్దు.

రిటైర్డ్ మాస్టారు

ఏమీ అనుకోనమ్మా. రెండూ నిజాలే. ఆ కాగితం సంగతి ముందు నేనే చెప్పవలసింది. చెప్పలేదు, నా పక్షపాతం పట్టుబడింది.

అయినా ఇది చూడు. లెక్కతో మొదలుపెట్టినవాళ్ళు చాలామంది లెక్క తప్పగానే ఇంటికి పోయారు. 1867లో ఊహించినట్టు తెల్లవాళ్ళు ఈయన వెంట రాలేదు. అప్పుడు ‘నా లెక్క తప్పింది’ అని చక్కగా తప్పుకోవచ్చు. ఏడేళ్ళ తర్వాత కూడా నల్ల సైనికుల ముందు గుర్రం మీద ఉన్నాడు. లోపల ఏముందో నాకు తెలియదు. గుర్రం ఎక్కడ నిలబడిందో తెలుసు.

కలంకారీ

గుర్రం సాక్ష్యం చెల్లుతుంది. సగం మార్కులు ఇస్తాను.

ఉప్పుకారం

కాస్త గాలి మార్చనా? మరి మన విభీషణుడి సంగతేమిటి?

కాటన్ బ్యారేజీ

విభీషణుడు యుద్ధానికి ముందే అన్న మొహం మీద చెప్పి వెళ్ళాడు. ఈయన లంక కాలాక వెళ్ళాడు. పోలిక కుదరదు. ఒక విధంగా ఇది ఈయనకే అనుకూలం అనుకోండి. రహస్యాలు అమ్మలేదు, ఇంటిగుట్టు చెప్పలేదు. కత్తి పట్టినంతకాలం ఒకే వైపు పట్టాడు. హూఁ. నేనే ఈయన తరఫున వాదిస్తున్నానేమిటి!

పాతపేపర్లు

మారినవాళ్ళలో ఈయన ఒక్కడే కాదు. గెరిల్లా దళాల మోస్బీ కూడా గ్రాంట్‌ను బలపరిచి తర్వాత హాంకాంగ్‌లో అమెరికా కాన్సల్ అయ్యాడు. వర్జీనియా జనరల్ మహోన్ నల్లవాళ్ళ ఓట్లతో కొత్త పార్టీ కట్టి సెనేటరయ్యాడు. వాళ్ళకూ తిట్లు పడ్డాయి. కానీ లీ పక్కన కూర్చున్న స్థాయివాడు ఈయన ఒక్కడే, అందుకే వడ్డీతో సహా పడ్డాయి.

లేనియర్ గట్టు

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను ఉండేది గెయిన్స్‌విల్‌కు పావుగంట దూరం. అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఈ ఊరంటే లేనియర్ సరస్సు, పులిహోర డబ్బాలు, పడవ అద్దె. లాంగ్‌స్ట్రీట్ 1875లో లూసియానా వదిలేసి ఇక్కడికే వచ్చాడు. చిన్నప్పటి ఊళ్ళలో ఇదొకటి.

ఇక్కడ హోటల్ నడిపాడు, పేరు పీడ్‌మాంట్. దాని ముక్క ఒకటి ఇప్పటికీ ఉంది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఉడ్రో విల్సన్ రెండో కూతురు 1887లో పుట్టింది ఆ హోటల్లోనే. ఊరి బయట పొలంలో టర్కీ కోళ్ళు పెంచాడు, ద్రాక్షతోట వేశాడు. చుట్టుపక్కలవాళ్ళు వెటకారంగా ఆ పొలానికి ‘గెటిస్‌బర్గ్’ అని పేరు పెట్టారు.

పదవులు ఆగలేదు, బ్యారేజీ గారు సంతోషిస్తారు. 1880లో ఇస్తాంబుల్‌కు రాయబారి, తర్వాత జార్జియాలో ఫెడరల్ మార్షల్, 1897 నుంచి చనిపోయేవరకు రైల్వేల కమిషనర్. 1889 ఏప్రిల్ 9న ఇల్లు కాలిపోయింది. అప్పొమాటొక్స్‌లో లొంగిపోయింది ఏప్రిల్ 9నే. పాత యూనిఫారం, కాగితాలు అన్నీ పోయాయి. అదే ఏడాది డిసెంబరులో భార్య లూయీజ్ పోయింది.

సమాధి ఆల్టావిస్టా శ్మశానంలో. నేను వెళ్ళిన రోజు రాతి మీద ఎవరో పెట్టిన ఒక సెంటు నాణేలు ఉన్నాయి, చిగుళ్ళు పట్టిన చెట్టుకింద. నాణేల మీద లింకన్ బొమ్మ పైకి ఉంది. కావాలని పెట్టారో లేదో.

కలంకారీ

అప్పటికి ఉన్న నలుగురు బిడ్డల్లో ముగ్గురు 1862 జనవరి చివర రిచ్మండ్‌లో వారం రోజుల తేడాలో స్కార్లెట్ జ్వరానికి పోయారు, ఆ లూయీజ్‌కే. అంతకుముందు పేకాట, నవ్వులాట మనిషి. ఆ తర్వాత మాట తగ్గిందని అందరూ రాశారు. ఆయన మౌనాన్ని గెటిస్‌బర్గ్ లెక్కలో వేసేవాళ్ళు ఇదీ చూడాలి.

రెండో భార్య హెలెన్ డార్చ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 1897లో పెళ్ళి, ఆయనకు డెబ్భై ఆరు, ఆమెకు ముప్పై నాలుగు. ఆరేళ్ళ పైచిలుకు కాపురం, యాభై ఎనిమిదేళ్ళ వైధవ్యం. అంతకాలమూ ఆయన తరఫున పత్రికలతో పోట్లాడింది. రెండో ప్రపంచయుద్ధంలో ఎనభై ఏళ్ళ వయసులో మేరియెట్టాలో బాంబర్ విమానాల ఫ్యాక్టరీలో రివెట్లు కొట్టింది. 1950లో, ఎనభై ఏడేళ్ళప్పుడు, జార్జియా గవర్నరు పదవికి నిలబడింది. 1962 దాకా బతికింది. అసలు ఈ దారం ఆమె మీద మొదలుపెట్టవలసింది.

ఉప్పుకారం

అంతర్యుద్ధపు జనరల్ భార్య బాంబర్ విమానం బిగించింది. ఇది సినిమాలో చూపిస్తే నమ్మశక్యంగా లేదని రాసేవాణ్ణి.

సందేహాలరాయుడు

ఒక్క సందేహం మిగిలింది. దక్షిణాది ఆయనను ఎప్పుడైనా క్షమించిందా?

పాతపేపర్లు

సైనికులు క్షమించారు, సంఘాలు క్షమించలేదు. 1886లో అట్లాంటాలో ఒక విగ్రహావిష్కరణ. దక్షిణాది మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ముఖ్య అతిథి. లాంగ్‌స్ట్రీట్‌కు పిలుపు లేదు. అయినా పాత కాన్ఫెడరేట్ (దక్షిణాది సైన్యపు) యూనిఫారం వేసుకుని గుర్రం మీద వచ్చాడు. మూడేళ్ళ తర్వాత మంటల్లో పోయింది ఆ బట్టలే కాబోలు. వేదిక ఎక్కాడు, డేవిస్ లేచి కౌగిలించుకున్నాడు, జనం హోరెత్తారు. 1904 జనవరి 2న ఆయన పోయినప్పుడు మాత్రం, దక్షిణాది వీరుల వారసురాళ్ళ సంఘం వాళ్ళ సవానా శాఖ పూలు పంపకూడదని తీర్మానించింది. అంత్యక్రియల్లో మాట్లాడిన బిషప్ కీలీ కుర్రతనంలో ఈయన కింద పనిచేసిన సైనికుడే.

ఎడిసన్ ఇంటినంబరు

గెటిస్‌బర్గ్‌లో ఆయనకు విగ్రహం పెట్టింది 1998లో. లీ విగ్రహం 1917 నుంచి ఎత్తైన దిమ్మె మీద ఉంది. లాంగ్‌స్ట్రీట్‌ది చెట్ల మధ్య, దిమ్మె లేకుండా నేల మీదే. గుర్రం కూడా చిన్నదిగా కనిపిస్తుంది. మావాడు వెళ్ళి గుర్రం ముక్కు నిమిరాడు. లీ గుర్రాన్ని నిమరాలంటే అగ్నిమాపక దళం నిచ్చెన కావాలి.

కాటన్ బ్యారేజీ

మొదటి పోస్టులో ‘తేల్చడానికి ఏముంది’ అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. పదవుల సంగతి మాత్రం అలాగే ఉంచుతాను. ముప్పై అయిదేళ్ళలో అయిదు పదవులు తీసుకున్న మనిషిని త్యాగమూర్తి అనమంటే అనను.

రిటైర్డ్ మాస్టారు

అనవద్దు. నేనూ అనలేదు.

లేనియర్ గట్టు

రాయుడు గారూ, ఎప్పుడైనా ఇటు వస్తే చెప్పండి, సమాధి దగ్గరికి తీసుకువెళతాను. శనివారం పెట్టుకోకండి, సరస్సు రోడ్డు మీద బళ్ళు కదలవు.

మూడోషిఫ్టు

నాన్నకు ఎనభై ఒకటి. నిన్న రాత్రి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. మిలిషియా దగ్గర ఏమీ అనలేదు. అట్లాంటా సభ దగ్గర ఆపమన్నాడు.

‘పిలవకుండానే వెళ్ళాడా?’

‘అవును నాన్నా.’

‘ఆ బట్టలు వేసుకునే?’

‘అవును.’

కాసేపు ఊరుకుని, ‘నేనైతే వెళ్ళను’ అన్నాడు. తర్వాత మళ్ళీ, ‘ఆ కౌగిలించుకున్నాయన పేరు ఏమన్నావు?’ అని అడిగాడు.